ఎన్ని డిగ్రీల కాడ?

డిసెంబరులో రామకుప్పం చెరువుగట్టు మీది కప్ప ఒళ్లు పొద్దున్నే నీళ్లంత చల్లబడి ఉంటుంది. దాని కాలేయ కణాల్లో ఆమ్ల క్షారాల లెక్క మాత్రం తప్పదు. ఎట్లా తప్పదో చెప్పడానికి నాలాంటి బయోకెమిస్ట్రీ మాస్టరుకు ఒక పీరియడు చాలదు.

చల్లబడితే అంతా ఆగిపోతుందనుకుంటాం. ఆగదు, నెమ్మదిస్తుంది. పది డిగ్రీలు తగ్గితే కణం పని వేగం సుమారు సగమవుతుంది. రక్తం అందని కాలేయాన్ని 4 డిగ్రీల దగ్గర పెట్టినా లాక్టిక్ ఆమ్లం ఊరుతూనే ఉంటుంది, కణానికి శక్తినిచ్చే ఏటీపీ తరుగుతూనే ఉంటుంది. ఆ ఏటీపీని 1929లో కనిపెట్టినవారిలో, ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి పనిచేసిన మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. కండరంలో, కాలేయంలో ఫాస్ఫరస్ పదార్థాలను వెతుకుతుంటే వాళ్లకు దొరికింది. జీవన్‌దాన్ అవయవదాన పథకం కింద దానమిచ్చిన కాలేయం ఐసుపెట్టెలో ప్రయాణించేటప్పుడు ఉండే గండమూ ఆమ్లం ఊరడం, ఏటీపీ తరగడమే. అందుకే నిల్వ ద్రావణాల్లో ఆమ్లాన్ని పట్టుకునే బఫర్లు కలుపుతారు. హెచ్‌టీకే అనే ద్రావణంలో ఆ పని హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లానిది.

అసలు చిక్కు ఆమ్ల క్షారాలను కొలిచే పీహెచ్‌లో ఉంది. తటస్థమైన నీటి పీహెచ్ 25 డిగ్రీల దగ్గర 7, మన ఒంటి వేడికి 6.8, ఐదు డిగ్రీల చలిలో 7.4. కప్ప, తాబేలు రక్తంలోనూ ఒక్కో డిగ్రీ చల్లబడేకొద్దీ పీహెచ్ దాదాపు 0.015 పెరుగుతుంది. చలికి ప్రోటీన్లలోని హిస్టిడిన్ ఆమ్లాన్ని పట్టే స్వభావమూ దాంతోపాటే మారుతుంది కాబట్టి ప్రోటీన్ల మీది విద్యుదావేశం పెద్దగా మారదు. ఎంజైముకు కావలసింది ఆ ఆవేశమే, మీటరు అంకె కాదు.

ప్రాక్టికల్స్‌లో మేక కాలేయాన్ని ఐసు మీద పెట్టి, చల్లటి సుక్రోజ్ ద్రావణంలో నూరుతాం. ట్రిస్ బఫరును గది వేడిలో 7.4కు సరిచేసి ఐసులో దించితే 8 దాకా ఎగబాకుతుంది. ఫాస్ఫేట్ అంతగా కదలదు. సీసా మీద ఉత్త ‘7.4’ కనిపిస్తే అడుగుతాను: “ఎన్ని డిగ్రీల కాడ చూసినావు నాయనా?”

“మీటరులో టెంపరేచర్ సరిచేసే బటన్ ఉంది కదా సార్!”

ఆ బటన్ సరిచేసేది ఎలక్ట్రోడ్ లెక్కను. చలికి మారిన బఫరును అది వెనక్కి తేలేదు. అందుకే వాడే చలిలోనే బఫరును సరిచేయాలి, పీహెచ్ పక్కన డిగ్రీలు రాయాలి. రాయని రికార్డు మీద నేను సంతకం పెట్టను.