పోటీదారుణ్ణి తయారుచేసే బడి

హార్వర్డ్ బిజినెస్ స్కూల్ 1908లో మొదలైంది. అక్కడి చదువుకు ప్రాణం ‘కేసు’. ఎక్కడో ఎవరో నడిపిన కంపెనీకి వచ్చిన చిక్కును కాగితం మీద పెట్టి, నువ్వయితే ఏం చేసేవాడివని విద్యార్థిని అడుగుతారు. జవాబు తప్పయినా ఎవరి డబ్బూ పోదు. ఆ పద్ధతి ప్రపంచమంతా పాకింది, మన దేశానికీ వచ్చింది. దానికి పూర్తిగా ఎదురు దిక్కున, నైజీరియా ఆగ్నేయ ప్రాంతంలోని ఇగ్బో ప్రజలు తమ పిల్లలకు వ్యాపారం నేర్పుకునే పద్ధతి ఒకటుంది. తరగతి గది లేదు, ఫీజు లేదు, పట్టా లేదు. సాధారణంగా అయిదు నుంచి ఎనిమిదేళ్లు పిల్లవాడు ఒక వ్యాపారి ఇంట్లో ఉంటాడు, ఆయన కొట్టులో పనిచేస్తాడు, ఆయన్ని చూసే నేర్చుకుంటాడు. జీతం ఉండదు. తిండి, బట్ట, ఉండటానికి చోటు యజమానే చూసుకుంటాడు. గడువు తీరిన రోజున ఆ యజమాని తన సొమ్ములోంచి పెట్టుబడి తీసి కుర్రాడి చేతికిచ్చి సొంత కొట్టు పెట్టిస్తాడు. చాలాసార్లు అదే సరుకులో, అదే బజారులో.

అంటే తన పోటీదారుణ్ణి తనే పెంచి, తన డబ్బుతోనే నిలబెడతాడు. వ్యాపారం తెలిసినవాళ్లెవరికైనా ముందు నమ్మబుద్ధి కాని సంగతి ఇదే. నాకు మాత్రం ఆ ఏర్పాటులోని పనితనమంతా ఇక్కడే కనిపిస్తుంది. మంచి వడ్రంగి చేసిన కుర్చీలో మేకు కనపడదు. అతుకులే ఒకదాన్నొకటి పట్టుకుని బరువు మోస్తాయి. ఇందులోని అతుకుల్ని ఒక్కొక్కటిగా విప్పి చూడాలని ఉంది.

ఈ ఏర్పాటును ‘ఇగ్బా బోయి’ అంటారు. యజమాని ‘ఓగా’. నేర్చుకునే కుర్రాడు ‘న్వా బోయి’. చివర్లో పెట్టుబడి ఇచ్చి నిలబెట్టడాన్ని బజార్లో అందరూ ‘సెటిల్’ చేయడమనే అంటారు.

మొదలయ్యేది ఊళ్లో. ఇగ్బోలు ఏ పట్నంలో ఉన్నా క్రిస్మస్‌కు సొంతూరికి చేరడం వాళ్ల ఆనవాయితీ. లాగోస్‌లోనో ఒనిచాలోనో బాగుపడిన వ్యాపారి ఊరికొచ్చినప్పుడు, మా వాణ్ణి మీతో తీసుకెళ్లండని తల్లిదండ్రులు వచ్చి అడుగుతారు. రెండు కుటుంబాల పెద్దలు కూర్చుంటారు. ఎన్నేళ్లన్నది తేల్చుకుంటారు. చాలావరకు మాట మీదే. కాగితం రాసుకునేవాళ్లూ ఉన్నారు. ప్రవేశ పరీక్ష లేదు కానీ, ఎవరి పిల్లవాడన్నది అందరికీ తెలుసు. ఈ ఒప్పందాన్ని కోర్టు కాపాడదు, రెండిళ్ల పరువు కాపాడుతుంది. పిల్లవాడు దొంగతనం చేస్తే తండ్రి ఊళ్లో తలెత్తుకోలేడు, ఓగా మాట తప్పితే ఆయన అన్నదమ్ములకీ అదే గతి. అందుకే ఎక్కువగా చుట్టాల్లోంచో, ఊరివాళ్లలోంచో తీసుకుంటారు.

పట్నం వెళ్లిన కుర్రాడు వెంటనే కొట్టెక్కడు. ముందు ఇంటి పని. ఊడవాలి, నీళ్లు మోయాలి, ఓగా పిల్లల్ని బడికి దిగబెట్టాలి, అంగడికి పోయి రావాలి. బయటినుంచి చూసేవాడికి ఇది వెట్టిలా కనిపిస్తుంది. కొన్ని ఇళ్లలో నిజంగానే అలా మారుతుంది కూడా, దాని సంగతికి మళ్లీ వస్తాను. బాగా నడిచే ఇంట్లో మాత్రం ఈ కాలమంతా ఒకటే పరీక్ష నడుస్తూ ఉంటుంది. సరుకు తెమ్మని ఇచ్చిన డబ్బులో మిగిలిన చిల్లర ఆఖరి నాణెం దాకా తిరిగొస్తోందా? ఇంట్లో విన్న మాట ఇంట్లోనే ఉంటోందా? రేపు ఈ కుర్రాడి చేతికే సరుకు అప్పు మీద ఇవ్వాలి, వసూళ్లకు పంపాలి, గల్లాపెట్టె అప్పగించాలి. రసీదు లేకుండా లక్షలు చేతులు మారే బజారులో నమ్మకమే మొదటి పాఠం. అది పుస్తకం పెట్టి చెప్పగలిగే పాఠం కాదు.

తర్వాత కొట్టు. లాగోస్‌లో అలాబా ఎలక్ట్రానిక్స్‌కు పేరు, లాదిపో మోటారు విడిభాగాలకు. ఆబా ఊళ్లో అరియారియా బజారు చెప్పులకూ బట్టలకూ పేరు. నైజర్ నది ఒడ్డున ఒనిచా మెయిన్ మార్కెట్లో దొరకనిది ఉండదు. విడిభాగాల కొట్టులో చేరినవాడికి ముందు వందల పేర్లు నోటికి రావాలి. ఏ భాగం ఏ బండిది, ఏది అసలు, ఏది నకలు, ఏది ఎంతకాలం ఆగుతుంది అన్నవి చేతితో పట్టుకుని చెప్పగలగాలి. దుమ్ము దులపడం, పెట్టెలు సర్దడం చాకిరీలా కనిపిస్తాయి గానీ, సరుకు మొత్తం కుర్రాడి తలకెక్కేది ఆ సర్దుడులోనే. ధర రాసిన చీటీ ఏ వస్తువు మీదా ఉండదు. ఓగా బేరం ఎక్కడ మొదలుపెట్టాడు, ఎవరికి ఎంత దించాడు, ఎవరిని పోనిచ్చి మళ్లీ వెనక్కి పిలిచాడు అన్నది పక్కన నిలబడి వినాలి. నెలలకొద్దీ వినాలి.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కట్టిపడేసింది ‘ఓసో ఆహియా’ అన్న అలవాటు. కొనడానికి వచ్చినవాడు అడిగిన వస్తువు కొట్టులో లేదనుకోండి. లేదనే మాట కుర్రాడి నోట రాకూడదు. కూర్చోబెట్టి, పరుగున వెళ్లి, ఆ వస్తువున్న మరో కొట్టు నుంచి అప్పటికప్పుడు తెచ్చి, తన లాభం కలుపుకుని అమ్ముతాడు. సొంత కొట్టు లేకుండా ఇదే బతుకుతెరువుగా చేసుకున్నవాళ్లూ ఆ బజార్లలో ఉన్నారు. ఈ ఒక్క పరుగులో ఎన్ని పాఠాలున్నాయో చూడండి. బజారులో ఏ సరుకు ఎవరి దగ్గరుందో తెలియాలి. వాళ్లు ఎంతకిస్తారో తెలియాలి. డబ్బు కట్టకుండానే వస్తువు చేతికివ్వాలంటే ఈ కుర్రాడు ఫలానా ఓగా మనిషి, తిరిగొస్తాడు అన్న పేరుండాలి. అమ్ముడుపోకపోతే వస్తువు చెక్కుచెదరకుండా వెనక్కి చేరాలి. రూపాయి పెట్టుబడి లేకుండా, కొట్టు లేకుండా, వేరేవాడి సరుకుతో లాభం చేయడం పదిహేను పదహారేళ్లకే చేతనైతే, వాడికి ఆ పైన నేర్పాల్సిందల్లా ఆ పనినే పెద్ద మొత్తాలతో చేయడం. బిజినెస్ స్కూళ్లు మార్కెట్ సర్వే, సప్లై చైన్, క్రెడిట్ అని మూడు సబ్జెక్టులుగా విడగొట్టి చెప్పేది ఇక్కడ ఒక పరుగులో ఇమిడిపోయింది.

ఏళ్లు గడిచేకొద్దీ ఓగా ఒక్కో అడుగు వెనక్కి వేస్తాడు. వసూళ్లు అప్పగిస్తాడు, కొనుగోళ్లకు పంపుతాడు, రెండో కొట్టు ఉంటే దాని తాళాలిస్తాడు. ఈలోగా కొత్తగా చేరిన చిన్నవాళ్లకు పని చెప్పేది ఈ పెద్ద కుర్రాడే. ఒకే కొట్టులో మొదటి ఏడువాడూ అయిదో ఏడువాడూ పక్కపక్కనే ఉంటారు కాబట్టి, రేపు తను ఎలా ఉండాలో చిన్నవాడికి కళ్లెదుటే ఉంటుంది.

ఇక అసలు అతుకు. సెటిల్ చేసే రోజున ఓగా ఇచ్చేది డబ్బు ఒక్కటే కాదు. కొందరు కొట్టు అద్దె కడతారు, కొందరు సరుకు అప్పు మీద ఇస్తారు, కొందరు తమకు సరఫరా చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లి పరిచయం చేస్తారు. ఎంత ఇవ్వాలన్న లెక్క ముందే రాసి ఉండదు. ఓగా స్తోమత, కుర్రాడి చేవ చూసి నిర్ణయమవుతుంది. ఇప్పుడు ఈ చివర నుంచి వెనక్కి నడిచి చూస్తే మొత్తం కట్టడం అర్థమవుతుంది. పని సరిగ్గా నేర్పకపోతే, తను ఇచ్చిన పెట్టుబడి ఏడాదిలో ఆ కుర్రాడి చేతిలోనే బూడిదవుతుంది, ఆ కబురు ఊరికి చేరుతుంది. మంచి గురువుగా ఉండక తప్పని పరిస్థితిని ఆ చివరి రోజే సృష్టిస్తోంది. పట్టా ఇచ్చే రోజున ప్రతి విద్యార్థి మీదా తన సొంత డబ్బు పెట్టమంటే ఎంతమంది ప్రొఫెసర్లు ముందుకొస్తారు? ఇక్కడ మాట నిలుపుకునే ప్రతి గురువూ పెడతాడు. ఆ డబ్బే పట్టా.

మరి ఓగాకు ఏం లాభం? ఏళ్ల తరబడి జీతం లేని పని దక్కింది, అది దాచాల్సిన సంగతి కాదు. సెటిలైన కుర్రాడు చాలాసార్లు ఓగా దగ్గరే టోకున సరుకు కొంటాడు. కంటెయినర్ కలిసి తెప్పించుకునేవాళ్లూ ఉంటారు. ఎంతమందిని సెటిల్ చేశాడన్నది ఊళ్లో మనిషి స్థాయిని కొలిచే కొలత. వీటన్నిటికీ మించి, ఒకే సరుకు అమ్మే కొట్లు పక్కపక్కనే పెరిగేకొద్దీ ఆ బజారు పేరే దూరాలకు పాకి, కొనేవాళ్లు పొరుగు దేశాల నుంచి కూడా వస్తారు. పోటీదారు వల్ల పోయే బేరం కన్నా, పోటీదార్లందరూ ఒకేచోట ఉండటం వల్ల వచ్చే బేరమే ఎక్కువ.

న్నేవి పట్టణం దీనికి నిలువెత్తు సాక్ష్యం. మోటారు విడిభాగాల వర్తకానికి ఆ ఊరు పశ్చిమ ఆఫ్రికాలో పేరుమోసింది. అక్కడి వర్తకులు తైవాన్ కంపెనీల నుంచి సరుకు తెప్పించుకుంటూ, ఆ పరిచయాలతోనే 1980ల్లో సొంతంగా విడిభాగాలు తయారుచేయడం మొదలుపెట్టారు. ప్రభుత్వం చేయాల్సిన పనుల్ని ఈ వర్తక బంధాలు ఎలా చేసిపెట్టాయో పరిశోధకురాలు డెబొరా బ్రౌటిగమ్ 1997లో ఒక పరిశోధనా వ్యాసంలో విడమరిచి చూపారు. విడిభాగాల వర్తకంలోంచి ఎదిగిన ఇన్నోసెంట్ చుక్వుమా అదే ఊళ్లో పెట్టిన ఇన్నోసన్ వాహనాల ఫ్యాక్టరీ 2010లో ప్రారంభమైంది.

ఈ ఏర్పాటు వేళ్లు చాలా లోతు. చినువా అచెబె 1958 నాటి నవల ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ చదివిన తెలుగువాళ్లకు ఒకొంక్వో గుర్తుంటాడు. తండ్రి ఇచ్చిన ఆస్తి ఏమీ లేని ఆ కుర్రాడు కల్లు కుండతో, కోడిపుంజుతో న్వాకిబియె ఇంటికి వెళ్లి విత్తనపు పెండలం దుంపలు అడుగుతాడు. చాలామంది కుర్రాళ్లను వెనక్కి పంపిన ఆ ఆసామి ఇతని కష్టపడే తత్వం చూసి ఎనిమిది వందల దుంపలిస్తాడు. పంటలో మూడో వంతే పండించినవాడిది. పెద్దవాడి పెట్టుబడి, చిన్నవాడి చాకిరీ, నమ్మకం ఒక్కటే పూచీ. కొట్టుకు ముందు పొలంలో ఉన్న ఏర్పాటు అది.

ఇప్పుడు కనిపించే బలం మాత్రం యుద్ధం తర్వాతి కాలానిది. నైజీరియా నుంచి విడిపోవడానికి 1967 నుంచి 1970 జనవరి దాకా సాగిన బయాఫ్రా యుద్ధంలో ఇగ్బోలు సర్వం పోగొట్టుకున్నారు. యుద్ధం ముగిశాక, బ్యాంకులో ఎంత దాచుకున్నవాడికైనా ప్రభుత్వం ఇచ్చింది 20 పౌండ్లు. వాళ్లకు అప్పిచ్చే బ్యాంకు ఎక్కడుంది? కాస్త నిలదొక్కుకున్నవాడు ఇద్దరు ముగ్గురు పిల్లల్ని చేరదీశాడు, వాళ్లు నిలబడి మరికొందరిని చేరదీశారు. తోబుట్టువును వెనక వదిలేయొద్దన్న అర్థమిచ్చే ఇగ్బో నానుడి అక్కడ పెట్టుబడి సూత్రంగా పనిచేసింది. మన దగ్గరా కొట్టులో చేరి పని నేర్చుకుని సొంత కొట్టు పెట్టుకున్నవాళ్లు ఊరూరా ఉన్నారు. అయితే నిలబెట్టడం యజమాని మంచితనం మీద ఆధారపడిన సంగతి మనకు. వాళ్లకు అది బాకీ.

బాకీ ఎగ్గొట్టేవాళ్లూ ఉన్నారు. గడువు దగ్గరపడేసరికి దొంగతనం అంటగట్టి కుర్రాణ్ణి ఉత్త చేతులతో తరిమేయడం ఈ పద్ధతిలో అందరికీ తెలిసిన చీడ. ఏడేళ్ల యవ్వనం ఒక్క మాటతో గాలికి పోతుంది. ఇంకోపక్క ఓగాను ముంచి పారిపోయే కుర్రాళ్లు. చదువు మధ్యలో ఆగిపోవడం, ఆడపిల్లలకు చోటు చాలా తక్కువ కావడం మరో రెండు లోపాలు. వీటిని పద్ధతి మంచితనం చూపించి మాఫీ చేయడం నాకు ఇష్టం లేదు. పేరున్న వ్యాపారి కోస్మస్ మదుకా సంగతే తీసుకోండి. ఆయన చదువు చిన్న తరగతుల్లోనే ఆగింది. బంధువు దగ్గర ఏళ్లపాటు విడిభాగాల పని నేర్చుకున్నాక చేతిలో పడింది నైజీరియా డబ్బులో 200 నైరాలు. అంత తక్కువతో బయటికొచ్చిన మనిషి 1982లో తన పేరూ భార్య ఛారిటీ పేరూ కలిపి ‘కాస్చారిస్’ పెట్టాడు; ఆ సంస్థ నేడు బీఎండబ్ల్యూ, ఫోర్డ్ కార్లు అమ్ముతోంది. ఆ కథను డబ్బు లేకపోయినా ఫరవాలేదనడానికి వాడుకుంటుంటారు. నేను అలా చదవను. సెటిల్‌మెంట్ కుంటుపడ్డ చోట కూడా మనిషిలో మిగిలిన చదువు ఎంతటిదో అది చెబుతుంది. అదే పరిస్థితిలో లేవలేకపోయినవాళ్ల పేర్లు మనకు తెలియవు.

బయటి ప్రపంచం ఈమధ్యే ఇటు చూస్తోంది. రచయిత రాబర్ట్ న్యూవర్త్ 2017లో ఒక టెడ్ ప్రసంగంలో దీని గురించి చెప్పాడు. న్దుబుయిసి ఎకెక్వె 2021లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాశాడు. 2023లో దర్శకుడు కయోదె కసుమ్ ‘అఫమెఫునా’ అని ఒక న్వా బోయి కథనే సినిమాగా తీశాడు. ఒప్పందాలకు చట్టబద్ధత కల్పించాలన్న మాటా నైజీరియాలో వినిపిస్తోంది.

సాక్షుల సంతకాలతో రాతపూర్వక ఒప్పందం, గడువు మధ్యలో తరిమేస్తే పనిచేసిన ఏళ్లకు పరిహారం, దొంగతనం ఆరోపణను పెద్దల ముందు రుజువు చేయాలన్న నియమం: ఈ మూడూ తప్పకుండా రావాలి. ఇంతకన్నా తక్కువ ఇవ్వకూడదన్న గీతా ఉండవచ్చు. 2023లో నైరా విలువ పడిపోయాక, మాట ఇచ్చిన రోజున పెద్దదనిపించిన మొత్తం గడువు తీరేసరికి సగం సరుకుకైనా చాలని పరిస్థితి ఎవరికైనా రావచ్చు గనుక, ఆ గీతను డబ్బులో కాక సరుకులో గీస్తే మేలు. ఆ గీతకు పైన ఎంత ఇవ్వాలన్నది మాత్రం ఓగాకే వదిలిపెట్టాలి. కుర్రాణ్ణి ఏళ్ల తరబడి దగ్గరగా చూసిన మనిషి, వీడి మీద ఎంత పెట్టవచ్చో తన జేబు తడుముకుని తేల్చుకోవాలి. ఆ నిర్ణయాన్ని ఫారంలోని ఒక గడిగా మార్చేస్తే, రెండో కొట్టు తాళాలు ఎప్పుడివ్వాలి, కొనుగోలుకు ఒంటరిగా ఎప్పుడు పంపాలి అని అన్నేళ్లూ అంత జాగ్రత్తగా చూడాల్సిన అవసరం ఆ ఓగాకు ఉండదు.