వృత్తి, ప్రవృత్తి, తీరిక

మన సన్మాన సభల్లో తరచుగా వినవచ్చే మాట ఒకటున్నది: "వీరు వృత్తిరీత్యా న్యాయవాది, ప్రవృత్తిరీత్యా నటులు." న్యాయవాదికి బదులు డాక్టరో, ఉపాధ్యాయుడో, బ్యాంకు ఉద్యోగో కావచ్చు, నటుడికి బదులు గాయకుడో, చిత్రకారుడో, కవో కావచ్చు. సభికులు చప్పట్లు కొడతారు. బతుకుతెరువు చూసుకుంటూనే ఒక కళను కూడా చేయి విడవకుండా నడిపించుకొని రావడం మెచ్చదగినదే, కాదనేవారు లేరు. కాని ఇదే మాటను ఒక రైతుకూలీని గురించో, ధర్మవరంలో మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకొని కూర్చున్న నేతగాణ్ణి గురించో, తెల్లవారుజామున వాకిట ముగ్గు పెట్టి చేనికి పోయే స్త్రీని గురించో ఎవరైనా అనగా నేను వినలేదు. వీరికి వృత్తి ఉన్నదని అందరికీ తెలుసు. ప్రవృత్తి కూడా ఉంటుందని మాత్రం మనకు తోచదు. ఎందుచేత?

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లో ఎదురైంది కాదు. డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థులు ఉద్యోగాలకు దరఖాస్తులు నింపుకుంటుంటే ఒకసారి చూసిపెట్టవలసి వచ్చింది. అందులో "హాబీలు" అనే గడి ఒకటి ఉన్నది. ఒకరు పుస్తక పఠనమనీ, ఒకరు సంగీతం వినడమనీ, ఒకరు క్రికెట్టనీ రాశారు. పల్లెనుంచి వచ్చిన కుర్రవాడొకడు గడిని ఖాళీగా వదిలాడు. అడిగితే "ఏమీ లేవు సార్" అన్నాడు. తర్వాత కొన్నాళ్ళకు శ్రీరామనవమినాడు వాళ్ళ ఊరికి పోవడం తటస్థించింది. అక్కడ చెక్కభజన జట్టుకు ముందు నిలిచి, పాట ఎత్తుకుంటూ, అడుగు మారుస్తూ, ఇరవైమందిని ఒక్క తాళంమీద తిప్పుతున్నవాడు అతడే! "ఇది రాయలేదేమప్పా?" అన్నాను. "అది హాబీ ఎట్లయితాది సార్? ఊర్లో అందరూ చేసేదే గదా!" అన్నాడు.

ఆ జవాబు ఆ కుర్రవాడి అమాయకత్వమని కొట్టిపారేయడానికి వీలులేదు. అతనికి ఆ మాట నేర్పినవాళ్ళం మనమే. కళ అంటే కొద్దిమందికి ఉండేదనీ, అందరికీ ఉన్నది కళ కాదనీ మన పాఠ్యపుస్తకాలూ, మన సన్మాన పత్రాలూ, కొంతవరకు మన విమర్శవ్యాసాలూ చెబుతూ వచ్చాయి.

మొదట మన జిల్లా గర్వించదగిన ముగ్గురిని చూద్దాం. బళ్ళారి రాఘవ 1880లో తాడిపత్రిలో పుట్టాడు. అనంతపురం అప్పటికింకా బళ్ళారి జిల్లాలో భాగమే, వేరుపడింది 1882లో. అతని మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులు బళ్ళారిలో ప్లీడరు. సరస వినోదినీ సభ స్థాపించి నాటకాలు రాసి ఆడించాడు. ఆయనకు పోటీగా సుమనోరమ సభను నడిపిన కోలాచలం శ్రీనివాసరావూ ప్లీడరే. రాఘవకూడా ఆ కోర్టులోనే వాదించి, ఆ ఊళ్ళోనే వేషం కట్టాడు. నాటకం అతనికి జీవనాధారం కాదు. కాకపోవడంవల్ల ఒక గొప్ప మేలు జరిగింది. కంట్రాక్టరుకు వెరవవలసిన అవసరం అతనికి లేదు. స్త్రీ పాత్రలు స్త్రీలే ధరించాలని పట్టుబట్టగలిగాడు. పద్యరాగాల మోజులో మునిగివున్న రంగస్థలంమీద సహజాభినయాన్ని నిలబెట్టగలిగాడు. పి.వి. రాజమన్నారు రాసిన "తప్పెవరిది?" వంటి సాంఘిక నాటకాన్ని ఆడగలిగాడు. ఆ రాజమన్నారూ అప్పటికి న్యాయవాదే. 1948లో మద్రాసు హైకోర్టుకు ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు. 1939లో వచ్చిన "రైతుబిడ్డ" చిత్రంలో రైతు పక్షాన నిలిచిన నటుడూ రాఘవే.

రెండోవారు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ. 1893లో ఈ జిల్లాలోని రాళ్ళపల్లిలో జననం. జీతం తెచ్చిపెట్టింది తెలుగు; దశాబ్దాలపాటు మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు పాఠం చెప్పారు. ప్రాణం సంగీతం. ఇవి రెండు పడవలమీద కాళ్ళని లోకం అనవచ్చు. కాని తిరుమల రాగిరేకులమీద అన్నమాచార్యుల పాటలకు రాగాల పేర్లున్నాయేగాని స్వరాలు లేవు. వాటిని చదివి అర్థం చెప్పడానికి పండితుడు కావాలి, పాడి స్వరపరచడానికి గాయకుడు కావాలి. ఇద్దరూ ఒక్క మనిషిలో దొరికారు గనుకనే ఆ పాటలు ఎన్నో మళ్ళీ గొంతుల్లోకి వచ్చాయి. 1974లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదిచ్చింది. రెండు పనులు పెట్టుకుంటే రెండూ చెడతాయనేవారికి ఇంతకంటే సమాధానం అక్కరలేదు.

మూడోవాడు తరిమెలలో పుట్టిన విద్వాన్ విశ్వం. పత్రికారచన ఆయన వృత్తి. 1952లో మొదలైన ఆంధ్రప్రభ వారపత్రిక సంపాదకత్వం మోస్తున్న కాలంలోనే, 1956లో "పెన్నేటి పాట" వెలువడింది. ఈ సీమ కరువుకు తెలుగు కవిత్వంలో శాశ్వతమైన చోటు ఇచ్చింది దినదినమూ అచ్చుయంత్రానికి మేత వేస్తుండిన చేయి.

ఈ ముగ్గురి ప్రతిభను తక్కువచేయడం నా ఉద్దేశం కాదు. రాఘవకున్నపాటి తీరికే ఉన్న ప్లీడర్లు ఎందరో పేకాటలో సాయంకాలాలు గడిపారు. తీరిక ఒక్కటే కళాకారుణ్ణి పుట్టించదు. కాని తీరిక లేకుండా కళాకారుడు నిలబడడు అన్నది అంతే నిజం. కోర్టుకు మూసే వేళ ఉన్నది. కళాశాలకు సెలవులున్నాయి. పత్రికాఫీసు ఎంత అలసట కలిగించినా నెలకు జీతం ఇస్తుంది. ఈ ముగ్గురి కళ వెనుక ఒక గడియారమూ, ఒక జీతం రాళ్ళో ఫీజు రాళ్ళో ఉన్నాయి. మన విమర్శ వారి శైలిని చూసింది, రసాన్ని చూసింది, సందేశాన్ని చూసింది. ఆ గడియారాన్ని చూడలేదు.

ఇక గడియారం లేనివారి దగ్గరికి వద్దాం. ఈ సీమలో సాలుకు కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. వానమీదనే ఆధారపడ్డ చేలలో ముంగారుకు వేరుసెనగ విత్తుతారు. పంట చేతికి వస్తే వస్తుంది, లేకుంటే లేదు. ఆ తర్వాత నెలల తరబడి మెట్టపొలంలో పని ఉండదు. చెక్కభజన నేర్చుకునేది చాలా ఊళ్ళలో ఈ నెలల్లోనే, రాత్రిపూట, భజనమందిరం ముందర. దీన్ని చూసి కొందరు పెద్దమనుషులు "కరువు సీమలో కళ పండుతుంది" అని అందంగా అంటారు. ఇది వినడానికి ఇంపైన అబద్ధం. పని ముగించుకొని సంపాదించుకున్న విశ్రాంతి తీరిక. పని దొరకక చేతులు ముడుచుకు కూర్చోవడం పనిలేమి. రెండింటికీ గంటల లెక్క ఒకటే కావచ్చు. కాని ఒకదాంట్లో మనసు తేలికపడుతుంది. రెండోదాంట్లో అప్పు గుండెలమీద కూర్చుంటుంది. ఆ బరువుతోనే అడుగు వేసి, ఆ బరువుతోనే పాడుతున్నారంటే, అది కరువు ఇచ్చిన వరం కాదు. కరువుకు లొంగని మనిషి గెలుపు.

ఆ గెలుపూ ఎల్లకాలం నిలవదు. పనిలేమి మరీ ముదిరితే జనం మూటాముల్లె కట్టుకొని బెంగళూరు బస్సు ఎక్కుతారు. కవి ఒక్కడే వలసపోతే కవిత్వం అతనితో పోతుంది. భజనజట్టులో అయిదుగురు పోతే మిగిలిన పదిహేనుగురి పాటకూడా ఆగిపోతుంది. పొద్దున్నే కట్టడంమీద ఇటుకలు మోసి రాత్రి రేకుల షెడ్డులో పడుకునేవాడి చేతిలో చెక్కలున్నా, ఎదుట నిలిచి అడుగు కలిపేవాడేడీ? కరువు ఇక్కడ హరించేది నలుగురూ కలిసే సాయంకాలాన్ని.

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట కథ మరొక రకంగా ఆలోచింపజేస్తుంది. ఈ ఊరు 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది. ఇక్కడి తోలుబొమ్మల కుటుంబాలు మేకతోలును పారదర్శకంగా పదును చేసి, బొమ్మ కోసి, చిల్లులు పొడిచి, రంగులద్ది తెరమీద ఆడిస్తాయి. ఆడేవాడు చేత్తో బొమ్మను నడిపిస్తాడు, నోటితో పాడతాడు, కాలితో చెక్కను తొక్కి చప్పుడు పుట్టిస్తాడు. ఇంటి స్త్రీలు సీతకూ మండోదరికీ గొంతునిస్తారు. చిత్రం, సంగీతం, నాటకం మూడూ ఒక్క తెర వెనుక. "ఇన్ని కళలను ఎట్లా సమన్వయించుకుంటారు?" అని పట్నవాసి అడిగితే వారికి ఆ ప్రశ్నే అర్థం కాదు. వారికి వృత్తీ ప్రవృత్తీ విడివడలేదు.

విడదీసింది మార్కెట్టు. సినిమా వచ్చింది, టెలివిజన్ వచ్చింది, రాత్రంతా ఆట చూసే ఊళ్ళు తగ్గాయి. ఇప్పుడు అవే చేతులు దీపాలకు తోలు గుమ్మటాలూ, గోడలకు వేలాడే బొమ్మలూ చేసి సంతల్లో, ప్రదర్శనల్లో అమ్ముతున్నాయి. లేపాక్షి గోడమీది చీరల అంచులను తలపించే ఆ గీతలు పట్నాల హాళ్ళలో వెలుగుతున్నాయి. కూడు దొరుకుతున్నందుకు సంతోషించవలసిందే. 2020లో ఈ ఊరి దళవాయి చలపతిరావుకు పద్మశ్రీ ప్రకటించినందుకూ సంతోషించవలసిందే. కాని జరిగినదేమిటో గమనించాలి. కళలో అమ్ముడయ్యే ముక్క వృత్తి అయింది. ఆడే పాడే ముక్క ఎప్పుడో పిలుపు వస్తే చేసే వ్యాపకమైంది. వందల ఏళ్ళుగా ఒక్కటిగా ఉన్నదానికి మన కాలం "హాబీ" అనే గడి గీసి, అందులోకి రావణుణ్ణీ జుట్టుపోలిగాణ్ణీ తోసింది.

అయితే పాతదంతా బంగారమని అనడానికీ వీలులేదు. ఈ సీమలో దేవర జాతరల్లో ఉరుములు వాయించే కళాకారులున్నారు. ఆ వాద్యపు గాంభీర్యం విన్నవాడు మరచిపోడు. కాని అది వారు కోరి ఎంచుకున్న ప్రవృత్తి కాదు. ఊరు వారిమీద మోపిన కులధర్మం. ప్లీడరుకు నాటకం మానుకునే స్వేచ్ఛ ఉన్నది. ఉరుము వాయించేవానికి మానుకునే స్వేచ్ఛ ఎంతకాలం లేదో మనం ఎరుగుదుం. అతని కొడుకు చదువుకొని ఉరుము ముట్టనంటే కళ పోయిందని కన్నీరు పెట్టే విమర్శకుడు ముందు ఈ సంగతి తేల్చుకోవాలి. వద్దనగలిగే హక్కు ఉన్నప్పుడే చేపట్టడంలో ఆనందం ఉంటుంది.

అన్నిటికన్నా మనం చూడక వదిలిన కళ మన గుమ్మంముందే ఉన్నది. వీధిచిత్రమంటే పట్నంలో ఫ్లైఓవరు గోడలమీద వేసే బొమ్మలని ఈనాటి యువకులు అనుకుంటున్నారు. కళ్ళాపి చల్లి, చుక్కలు పెట్టి, చేయి ఎత్తకుండా గీత తిప్పే స్త్రీ ఎన్ని తరాలనుంచో వీధిలో చిత్రం వేస్తున్నది. దానికామె దగ్గరున్న సమయం పొయ్యి రాజేయడానికీ, బిందె తీసుకొని నీళ్ళకు పోవడానికీ నడుమ చిక్కిన కాసేపు. సంక్రాంతినెలలో మాత్రం మరికొంచెం. మధ్యాహ్నానికి ఆ చిత్రాన్ని బండ్లూ కాళ్ళూ తుడిచేస్తాయి. మర్నాడు మళ్ళీ గీస్తుంది, మరో గీత వెతుకుతుంది. అది ఆచారమేగాని కళ కాదంటారా? ఆచారమే అయితే నాలుగు చుక్కలతో సరిపోయేది. నిన్నటిదానికంటే ఈనాటిది బాగుండాలన్న తపన ఆచారంలోనిది కాదు.

మన అభ్యుదయ విమర్శ ఇక్కడ ఆత్మవిమర్శ చేసుకోవాలి. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడింది. ప్రజానాట్యమండలి బుర్రకథకు కొత్త ప్రాణం పోసింది. నాజర్ వంటి గొంతు ఆ ఉద్యమంనుంచే లోకానికి తెలిసింది. ఇది సామాన్యమైన సేవ కాదు. కాని ప్రజల కళారూపాన్ని తీసుకొని మన సందేశం నింపడంమీద పెట్టిన శ్రద్ధ, ఆ ప్రజలకు సొంత కళకోసం ఒక సాయంకాలం మిగులుతున్నదా అన్న ప్రశ్నమీద పెట్టలేదు. "ముందు కూడు, తర్వాత పాట" అని మనలోనే కొందరంటారు. కడుపు నిండేదాకా పాట ఆగివుంటే ఈ సీమలో పాటే పుట్టివుండేది కాదు.

మార్క్స్, ఎంగెల్సులు 1845–46లో "జర్మన్ భావజాలం" రాస్తూ, ఏ ఒక్క పనికీ జీవితాంతం కట్టుబడకుండా ఒకే దినంలో వేటా, చేపల పట్టూ, పశుపోషణా, విమర్శా చేయగల మనిషిని ఊహించారు. దాన్ని కొందరు పగటికలగా తీసుకున్నారు. ఆ గడి ఖాళీగా వదిలిన కుర్రవాడు చేనిపనీ, చదువూ, పాటా, ఆటా ఒక్క దినంలో నడిపిస్తూనే ఉన్నాడు. లేనిదల్లా భద్రత, గుర్తింపు, సొంతమనదగిన గంటలు. 1886లో చికాగో కార్మికులు పోరాడింది ఎనిమిది గంటల పనికోసమే గాదు. తమవి అనదగిన గంటలకోసం. ఆ పోరాటంకూడా వంటింటి గంటలను లెక్కలోకి తీసుకోలేదన్నది మనం కలుపుకోవలసిన మాట.

కనుక విమర్శకుడు ఒక రచననో, పాటనో, బొమ్మనో పరిశీలించేటప్పుడు ఏం చెప్పింది, ఎట్లా చెప్పింది అన్నవాటితోపాటు, ఏ గంటలో పుట్టింది, ఆ గంట ఎవరిచ్చింది, ఎవరి పని పెరగడంవల్ల ఆ గంట చిక్కింది అని అడగాలి. రాఘవ నాటకం ఈ ప్రశ్నకు చిన్నబోదు. ముగ్గు మాత్రం ఈ ప్రశ్నతో మొదటిసారి కళగా కనబడుతుంది.

విద్యార్థి మిత్రులకు ఒక్క పని సూచిస్తాను. ఈ సెలవుల్లో మీ మీ ఊళ్ళకు పోయినప్పుడు ఎవరేమి పాడుతున్నారో రాసుకోవడంతో ఆగవద్దు. ఏ వేళకు పాడుతున్నారో, ఏ పని ముగించుకొని వచ్చారో, జట్టులోనుంచి ఎవరు వలసపోయారో, ఎవరి ఇంటివారిని ఆ మందిరం మెట్టు ఎక్కనివ్వలేదో అదికూడా రాయండి. ఆ చిట్టా తెచ్చిననాడు మనం కూలిరేటు గురించీ, సాగునీటి గురించీ, కులవివక్ష గురించీ మాట్లాడవలసి వస్తుంది. అప్పుడు కూడా మనం మాట్లాడుతున్నది కళను గురించే.