చర్చకు పిలిచారు సరే, కుర్చీ ఎవరికి?

మైనారిటీల గురించి మాట్లాడే మేధావులకు కొదవలేదు. మైనారిటీలు చెప్పేది ముందు వినండి అని మెజారిటీకి మొహం మీద చెప్పినవాళ్లే తక్కువ. అలాంటి కొద్దిమందిలో భిఖు పారేఖ్ ఒకరు. 1935లో గుజరాత్‌లోని అమల్‌సాడ్ అనే ఊళ్లో పుట్టారు. బొంబాయిలో, లండన్‌లో చదివి ఇంగ్లండ్‌లోని హల్ యూనివర్సిటీలో రాజనీతి తత్వం బోధించారు. మధ్యలో 1981 నుంచి 84 దాకా బరోడా యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్. 2000లో బ్రిటన్ ప్రభువుల సభ సభ్యుడు. పుట్టిన దేశంలో మెజారిటీ మతస్థుడు, బతికిన దేశంలో మైనారిటీ. ఈ రెండో అనుభవమే ఆయన తత్వాన్ని తరగతి గది దాటించి జనంలోకి తెచ్చింది.

1989 జనవరిలో బ్రాడ్‌ఫర్డ్ ముస్లింలు రష్దీ నవలను తగలబెట్టారు. ఫిబ్రవరిలో ఖొమైనీ ఫత్వా వచ్చింది. అంతే, బ్రిటన్ ముస్లింలందరికీ ఒకటే ముద్ర పడింది. అప్పుడు పారేఖ్ జాతి సమానత్వ కమిషన్‌కు డిప్యూటీ చైర్మన్. ఫత్వాను ఆయన సమర్థించలేదు. కానీ చంపమన్నవాణ్ణీ మనసు నొచ్చుకున్నవాణ్ణీ ఒకే గాటన కట్టడాన్నీ ఒప్పుకోలేదు. ఆ నొప్పి ఏమిటో అడగకుండానే తీర్పు చెప్పేవాళ్లది ఎలాంటి ఉదారవాదం అని నిలదీశారు.

ఆయన వాదం సారాంశం ఇది: అందరినీ ఒకేలా చూడటమే సమానత్వం కాదు. ‘మామూలు’ అని మనం అనుకునేదంతా మెజారిటీ అలవాటే. మోటారు సైకిల్ మీద వెళ్లే సిక్కులకు హెల్మెట్ బదులు తలపాగా చాలని 1976లో బ్రిటన్ చట్టం చేసింది. ఇది మినహాయింపా, హక్కా? చట్టం అవసరమైతే అందరికీ ఉండాలి, లేకపోతే ఎవరికీ వద్దు అని బ్రియాన్ బ్యారీ 2001లో గట్టిగా ఎదురు వాదించాడు. వినడానికి బ్యారీ మాట నిష్పక్షపాతంగానే ఉంటుంది. కానీ ఆ చట్టం ఎవరి తలను చూసి రాశారన్నది పారేఖ్ వైపు నుంచి వచ్చే ప్రశ్న. ఉమ్మడి పౌరస్మృతి గురించి మన దగ్గర జరిగే వాదనల్లో కూడా ఎవరి అలవాటు ఉమ్మడి అవుతుందన్న ఈ ప్రశ్ననే దాటేస్తుంటారు.

జనంలోకి వచ్చిన తత్వవేత్త చెల్లించే మూల్యం కూడా ఆయన చెల్లించారు. బ్రిటన్ బహుజాతి భవిష్యత్తు మీద రన్నీమీడ్ ట్రస్ట్ వేసిన కమిషన్‌కు అధ్యక్షుడిగా 2000 అక్టోబరులో నివేదిక ఇచ్చారు. ‘బ్రిటిష్’ అనే మాటకు బయటికి చెప్పని జాతి ఛాయలున్నాయని అందులో రాశారు. ఆ మాటే జాతివివక్ష మాట అన్నారంటూ పత్రికలు గగ్గోలు పెట్టాయి. 1998లో కమిషన్‌ను ప్రారంభించిన హోంమంత్రి జాక్ స్ట్రా కూడా నివేదిక వచ్చేసరికి పక్కకు తప్పుకున్నాడు. అంత పెద్ద నివేదిక ఒక్క వాక్యం కింద పడి నలిగిపోయింది. దేశం పేరు మీద ప్రశ్న వేస్తే దేశభక్తి పరీక్ష పెట్టడం మనకు కొత్తా?

ఇంతవరకూ పారేఖ్ మనవాడే. అసలు పేచీ ఇక్కడి నుంచి.

2004లో ప్రాస్పెక్ట్ పత్రికలో ఆయన గాంధీకీ బిన్ లాడెన్‌కూ మధ్య ఒక ఊహా సంవాదం రాశారు. తీవ్రవాదితో కూడా వాదించాలన్న ఆ ధైర్యం మెచ్చుకోదగిందే. కానీ గాంధీకి ఎదురుగా కూర్చున్న ముస్లిం ఎవరు? బిన్ లాడెన్! మరి మన రిక్షా సాయిబు ఏడి? బీడీలు చుట్టే బేగం ఏది? పింజారీ అని అటూ, ముస్లింలే కాదని ఇటూ తోసేస్తే మధ్యలో నిలబడ్డ దూదేకుల మనిషి ఎక్కడ?

సంస్కృతి ఏకశిల కాదని, దాని లోపలే తగాదాలుంటాయని పారేఖ్ పుస్తకాల్లో స్పష్టంగానే రాశారు. సంస్కృతులు ఒకదాన్నుంచి ఒకటి నేర్చుకోవాలన్నారు. చిక్కల్లా పుస్తకం దాటి వీధిలోకి వచ్చాకే. సమాజాన్ని చర్చకు పిలవగానే కుర్చీ ఎక్కేది మౌల్వీ, వ్యాపారి, నాయకుడు. ఆడవాళ్లూ కింది కులాల ముస్లింలూ గుమ్మం దగ్గరే ఆగిపోతారు. మెజారిటీ మనల్ని వినాలని అడిగే హక్కు మనకుంది. మనలోనే నోరు లేకుండా చేసినవాళ్ల మాట వినాల్సిన బాధ్యత కూడా మనదే.

పారేఖ్‌ను చదవాలి. మెజారిటీని ప్రశ్నించడానికి చదవాలి. ఆ ప్రశ్నను మన ఇంట్లోకి కూడా తెచ్చుకోవాలి.