చెరువు కట్ట మీద చివరి తేదీ

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందంటారు. చలితోపాటు ఇంకెవరెవరు వెళ్లిపోతున్నారో తెలియాలంటే ఆ రోజుల్లో తెల్లారేసరికి ఏదో ఒక చెరువు దగ్గర ఉండాలి. నేను కోదాడకు దగ్గర్లోని ఒక చిన్న చెరువును పట్టుకున్నాను. కట్ట చివర మత్తడి పక్కన ఒక తుమ్మచెట్టుంది. ప్రతి ఆదివారం పొద్దున ఆరున్నరకల్లా దాని కింద కూర్చుంటాను. అక్కడినుంచి చూస్తే శికమంతా కనిపిస్తుంది.

మాఘం దాటితే నీళ్లు రోజుకింత లోపలికి గుంజుకుపోతాయి. వదిలిన చోట పలచటి బురద మిగులుతుంది. మన కంటికి అది ఎండుతున్న చెరువు. ఉల్లంకి పిట్టలకు అది ప్రయాణం ముందరి విందు. వాటిలో ఎక్కువగా కనబడేది వుడ్ శాండ్‌పైపర్. గోరింకకన్నా చిన్నది. గోధుమరంగు వీపు మీద తెల్లటి చుక్కలు. రెండడుగులు వేసి ముక్కు బురదలో గుచ్చుతుంది, ఆగినప్పుడల్లా వెనకభాగం ఎత్తి దించుతుంది. బరువు 60 గ్రాములకు కాస్త అటూ ఇటూ. ఇంతటి పిట్ట గుడ్లు పెట్టేది యూరప్ ఉత్తరాన మొదలై సైబీరియా దాకా పరుచుకున్న చిత్తడి అడవుల్లో. బయల్దేరే ముందు వారాల తరబడి తిని ఒంట్లో కొవ్వు నింపుకుంటుంది. ఆ కొవ్వే దారిబత్తెం. ఈ నెలల్లో బురద దగ్గర దాన్ని చెదరగొట్టడమంటే బయల్దేరబోయే మనిషి చేతిలో సద్దిమూట లాక్కోవడమే. అందుకే నేను మత్తడి దాటి శికంలోకి దిగను.

సైబీరియా అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది వేరు. పక్కనే ఖమ్మం జిల్లా చింతపల్లిలో చింతచెట్ల మీద గూళ్లు పెట్టే ఎర్రకాళ్ల కొంగలను చాలామంది సైబీరియా కొంగలంటారు. ఊళ్లో గూళ్లకు చోటిచ్చి కాపాడుకోవడం గొప్ప సంగతే. కానీ ఆ కొంగలు ఈ గడ్డమీదే పుట్టి పెరిగేవి. నీళ్లూ చేపలూ ఎక్కడుంటే అక్కడికి తిరుగుతాయి తప్ప హిమాలయాలు దాటవు. కోయిల కూడా అంతే. ఉగాదికి వచ్చిందనుకుంటాం, నిజానికి అది చలికాలమంతా మన చెట్లలోనే నోరు మెదపకుండా ఉంటుంది. నిజంగా సైబీరియా చూసివచ్చిన పిట్ట మాత్రం బురదరంగులో, మన కాళ్ల ముందే, పేరడిగేవాళ్లు లేకుండా తిరుగుతూ ఉంటుంది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ అంటే బియ్యం మిల్లులూ, విజయవాడ హైవే, సాగర్ ఎడమ కాలువా అనుకుంటాం. పిట్టలకు ఈ ప్రాంతం అంతకన్నా పెద్దది. ఎరకేశ్వరాలయం 1208లో కట్టిన పిల్లలమర్రి లాంటి పాత ఊళ్ల చెరువులున్నాయి. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలాక పెరిగిన వరిమడులున్నాయి. వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసేదాకా మూసీ ఇసుక ఉంది. ఉండ్రుగొండ వైపు మోదుగలున్నాయి. ఆకులన్నీ రాల్చి ఒళ్లంతా నిప్పురంగు పూలతో నిలబడ్డ మోదుగ మీద గులాబీ గోరింకలు వాలినప్పుడు చూడాలి. తల నలుపు, ఒళ్లు గులాబీ, నుదుటి మీద పుప్పొడి పసుపు. ఒక పూవు కోసం నాలుగు కొట్టుకుంటాయి. అవి కూడా మధ్య ఆసియాకు మూట సర్దుకుంటున్నవే.

పిట్టలు చూడటం నేర్చుకునే విద్య. మొదటి పాఠం పొద్దు వీపువైపు ఉండాలి. ఎదురెండలో ఏ పిట్టయినా నల్లగానే కనిపిస్తుంది. రెండోది, బైనాక్యులర్ తర్వాత, కన్ను ముందు. పిట్ట మీదినుంచి చూపు తిప్పకుండా బైనాక్యులర్‌ను కళ్ల దగ్గరికి తెచ్చుకోవాలి. చాలామంది చూపు దించి దాన్ని సర్దుకుంటారు, ఈలోపు పిట్ట లేచిపోతుంది. ఇక కొలత. మన పల్లెల్లో ఎప్పటినుంచో ఉన్న కొలత పుస్తకాల్లో సెంటీమీటర్లకన్నా పనికొస్తుంది: పిచ్చుకంత, గోరింకంత, కాకంత, కొంగంత. రంగు వెలుతురునుబట్టి మోసం చేస్తుంది. సైజూ నడకా అంత తేలిగ్గా మోసం చెయ్యవు. గుంపును లెక్కపెట్టేటప్పుడు ముందు పదింటిని ఒక్కొక్కటిగా లెక్కించి, ఆ పది ఎంత మేర ఆక్రమించాయో కంటితో పట్టుకుని, ఆ మేరతో మిగతాదాన్ని కొలవాలి.

వీటన్నిటికన్నా కష్టమైంది సున్నా రాయడం. పిట్ట వచ్చిన రోజు ఎవరికైనా తెలుస్తుంది, అది కళ్లముందుంటుంది కాబట్టి. వెళ్లిపోయిన రోజు ఏ పిట్టా చెప్పదు. చివరిసారి చూసినప్పుడు అదే చివరిసారని మనకూ తెలియదు. మరుసటి వారం మళ్లీ వచ్చి, ఖాళీ బురదను అంతే ఓపిగ్గా వెతికి, ‘లేవు’ అని రాస్తేనే అంతకు ముందు వారం రాసిన అంకెకు చివరి తేదీ అనే విలువ వస్తుంది. ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్ 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోంది. ఫిబ్రవరి మధ్యలో నాలుగు రోజులు సాగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌లో మన దేశం 2013 నుంచి ఉంది. పదిహేను నిమిషాలు ఒకచోట నిలబడి చూసినవి ఈబర్డ్‌లో రాస్తే చాలు. మంచిదే. కానీ ఆ ఉత్సాహం మార్చి ఎండల్లో కూడా నిలవాలి. చెరువులు ముందే ఎండుతున్నాయా, పిట్టలు ముందే వెళ్తున్నాయా అన్నది ఆ వరస తేదీలే చెప్పాలి.

ఇక్కడ రాసిపెట్టే అలవాటు కొత్తదేమీ కాదు. సలీం అలీ 1931-32లో నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేశాడు. అంతకు చాలా ముందే నెల్లూరులో పనిచేసిన డాక్టర్ జెర్డాన్ తన పుస్తకాల్లో పిట్టల తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడు. ఆ పేర్లు ఎవరు చెప్పి ఉంటారు? ఉచ్చులు పన్నేవాళ్లూ, పశువులు కాసేవాళ్లే. 1900 తర్వాత ఎవరికీ కనిపించక, ఇక లేదనుకున్న కలివికోడి 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర మళ్లీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ నుంచి వచ్చిన భరత్ భూషణ్ వెతుకులాటకు దాన్ని పట్టి చూపించింది ఐతన్న అనే స్థానిక వేటగాడు. శాస్త్రం పోగొట్టుకున్న పిట్ట ఊరివాళ్ల దగ్గర పేరుతోసహా భద్రంగా ఉంది.

నా చెరువు దగ్గరా అలాంటి మనిషి ఒకాయన ఉన్నాడు. చేపలు పడతాడు. మొదటి ఏడాది నన్ను వింతగా చూశాడు. రెండో ఏడు దగ్గరికొచ్చి అడిగాడు.

“ఏం జూస్తుండ్రు సార్ రోజూ?”

“ఆ చిన్న పిట్టలు పెద్దయ్యా. ఎప్పుడు పోతయో రాసుకుంటున్న.”

“గవా? పెత్రమాసకు ముందుగాలనే దిగుతయ్. కామునిపున్నమ దాటితె పలసబడ్తయ్. ఉగాదికి ఒకటో రెండో.”

నా నోటుబుక్కులో ఉన్నదంతా ఆయన మూడు పండగల్లో చెప్పేశాడు.

మొన్న ఉగాది తర్వాతి ఆదివారం వెళ్లాను. శికంలో బురద ఎండి పెంకులు లేచింది. కొంగలున్నాయి, నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. తీతువు ఒకటి నన్ను చూసి గోల చేసింది. గంటన్నర వెతికి ఉల్లంకుల వరసలో సున్నా వేశాను. పెద్దాయన వల భుజాన వేసుకుని వచ్చి బుక్కులోకి తొంగిచూశాడు.

“పోయినయ్ పెద్దయ్యా.”

“బేస్తారం రాత్రి పోయినయ్ సార్. నేను వల ఎత్తుతున్న. వెన్నెల లేదు గని మొగులు సాఫుండె. మీదికెల్లి చిఫ్ చిఫ్ అనుకుంట పోతుంటె ఇన్న.”

ఆదివారం సున్నా పక్కన గురువారం తేదీ వేసి, ఆయన విన్నది విన్నట్టు కింద రాసుకున్నాను.