కట్ట దిగేటప్పుడు

పోయిన ఆదివారం మా మేనల్లుడు కొత్త థార్ బండి వేసుకుని హైదరాబాద్ నుంచి సిద్దిపేటకు వచ్చాడు. అన్నం తినీ తినకముందే, "మామా, చెరువు కట్ట మీదికి పోదాం, ఫోర్ వీల్ ఎట్ల పనిచేస్తదో చూడాలె" అన్నాడు. కట్ట ఎక్కడానికి పెద్దగా కష్టపడలేదు. అవతలి వైపు శిఖంలోకి దిగే బాట దగ్గరికి వచ్చేసరికి బండి ఆపేశాడు. మట్టి తోలే ట్రాక్టర్లు తిరిగి తిరిగి చేసిన బాట అది, మీదంతా వదులు మొరం. సీట్లో కూర్చుని చూస్తే బానెట్ తర్వాత ఆకాశమే కనిపిస్తోంది, నేల లేదు. వాడి కుడికాలు బ్రేకు మీద బిగుసుకుపోయింది.

"దిగు, ముందు కాళ్ళతో నడిచి చూద్దాం" అన్నాను.

ఆ మాట నాది కాదు. నాకు జీపు నేర్పిన కాకాది. మా వాడకట్టులో ఒక కాంట్రాక్టరు దగ్గర పాత మహీంద్రా జీపు నడిపేవాడు. ఎంత తెలిసిన బాటైనా సరే, వాలు ముందు బండి ఆపి, కిందిదాకా నడిచి వెళ్ళి, మళ్ళీ ఎక్కి వచ్చేవాడు. ఎక్కడ రాయి తేలింది, ఎక్కడ వాన కోసింది, కింద మలుపుకు చోటుందా లేదా, అన్నీ చూసుకున్నాకే సీట్లో కూర్చునేవాడు. "బ్రేకు ఆగెటందుకు బిడ్డా, దిగెటందుకు గేరు" అనేవాడు. ముప్పై ఏళ్ళుగా బండి నడుపుతున్నాను. ఇంతకంటే అక్కరకొచ్చిన మాట నాకు ఇంకెవరూ చెప్పలేదు.

దిగుడులో బండిని తోసేది దాని బరువే. ఆ తోపును ఎక్కడో ఒకచోట ఖర్చు చేయాలి. బ్రేకుతో ఆపితే అదంతా వేడిగా మారి డ్రమ్ముల్లోకి, డిస్కుల్లోకి పోతుంది. ఒక లెక్క చెబుతాను. మనుషులతో కలిపి 2 టన్నులుండే జీపు 15 మీటర్ల ఎత్తు నుంచి కేవలం బ్రేకుల మీదే దిగితే పుట్టే వేడి, 30 డిగ్రీల దగ్గరున్న లీటరు నీళ్ళను మరిగే దాకా తీసుకువస్తుంది. అదే 25 టన్నుల టిప్పరైతే పన్నెండు లీటర్లు. వేడెక్కిన లైనర్లు పట్టు వదులుతాయి. బ్రేక్ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. ఏళ్ళ తరబడి మార్చని ఆయిల్ త్వరగా మరిగి బుడగలు కడుతుంది, అప్పుడు పెడల్ దూదిని తొక్కినట్టు లోపలికి పోతుంది. ఘాటు దిగిన లారీల దగ్గర మాడు వాసన వస్తుంది చూడండి, ఆ వాసన ఈ వేడిదే.

గేరులో దిగితే ఆ పని ఇంజను చేస్తుంది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తే ఇంజను బండిని నడపదు, బండే ఇంజనును తిప్పాలి. గాలిని పీల్చడానికి, వదలడానికి, లోపలి రాపిడికి బండి బలం ఖర్చవుతుంది. జీపులో లో రేంజి పెడితే చక్రం ఒక్క చుట్టు తిరగాలన్నా ఇంజను మామూలుకంటే దాదాపు రెండున్నర రెట్లు తిరగాలి. దానికి మొదటి గేరు తోడైతే బండి మనిషి నడకతో దిగుతుంది. క్లచ్ మీద కాలు పెట్టారా, ఆ పట్టంతా అక్కడికక్కడే తెగిపోతుంది.

నాలుగు చక్రాలకూ పవర్ ఎందుకంటే బురద దాటడానికి, ఎత్తు ఎక్కడానికి అనుకుంటారు చాలామంది. నా మటుకు నాకు దాని అసలు విలువ దిగేటప్పుడే తెలిసింది. వాలులో బరువంతా ముందుకు వాలుతుంది, వెనక చక్రాలు తేలిక పడతాయి. వెనక రెండు చక్రాలకే పవర్ ఉన్న బండిలో ఇంజను పట్టుకునేది ఆ తేలికపడ్డ వెనక చక్రాలనే. మొరం మీద అవి జారాయంటే వెనక భాగం పక్కకు తిరుగుతుంది, బండి వాలుకు అడ్డం పడుతుంది, అడ్డం పడ్డ బండి దొర్లుతుంది. ఫోర్ వీల్ వేస్తే ఇంజను పట్టు ముందు చక్రాలకూ అందుతుంది, బరువున్నదీ అక్కడే. అప్పుడు కూడా బండి ముక్కు నేరుగా కిందికే ఉండాలి, ఏటవాలుగా కోయకూడదు. వెనక భాగం జారుతున్నట్టు అనిపిస్తే బ్రేకు తొక్కడం కాదు, యాక్సిలరేటర్ కొద్దిగా, గోరంత, ఇవ్వాలి. చక్రం తిరిగితేనే దానికి నేల దొరుకుతుంది. బిగుసుకున్న చక్రం కింద మొరం రాళ్ళు గోలీల్లా దొర్లుతాయి. జారుతుంటే బ్రేకు వదలమని చెప్పడం సులువు, కాలు మాట వినదు. పదిసార్లు చిన్న వాలు మీద చేస్తే తప్ప రాదు.

నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. కాకా జీపులో గేర్ రాడ్ పక్కన ఇంకో రెండు పొట్టి రాడ్లుండేవి. ఒకటి ముందు చక్రాలకు, రెండోది హై, లో మార్చడానికి. రెండోదానికి నడుమ న్యూట్రల్ ఉంటుంది. ఒకరోజు వాలు మొదలయ్యాక గాని నాకు లో గుర్తు రాలేదు. దిగుతూ దిగుతూనే రాడ్ లాగాను, అది నడుమ ఆగిపోయింది. ఇంజను మోగుతోంది, గేరు పడే ఉంది, కానీ చక్రాలకూ ఇంజనుకూ సంబంధం లేదు. బండి ఒక్కసారిగా తేలికైపోయినట్టు అనిపించింది. ఆ తేలికదనం నా వీపుకు ఇప్పటికీ గుర్తుంది. పక్క సీట్లోంచి కాకా చేయి చాపి హ్యాండ్ బ్రేకు లాగాడు. నేను రెండు కాళ్ళతో బ్రేకు తొక్కాను. తుమ్మ మొద్దుకు బారెడు దూరంలో జీపు ఆగింది. కాకా తిట్టలేదు. రాయి తెచ్చి చక్రం కింద పెట్టి, "ఏదైనా పైననే చేస్కోవాలె" అన్నాడు, అంతే.

అందుకే మేనల్లుడి చేత పైనే అన్నీ చేయించాను. బండి నిలబెట్టి, హ్యాండ్ బ్రేకు వేయించి, రాడ్‌ను ఫోర్ లోకి మార్పించాను. ఈ థార్‌లోనూ ఫోర్ హైకీ ఫోర్ లోకీ నడుమ న్యూట్రల్ ఉంది. మొదటి గేరు వేసి, సమతలం మీద నాలుగడుగులు నడిపి, పట్టు పడిందో లేదో చూసుకోమన్నాను. వాడు బటన్ చూపించి, "మామా, హిల్ డిసెంట్ కంట్రోల్ ఉంది కదా" అన్నాడు. మంచి సౌకర్యమే, కాదనను. 1997లో ల్యాండ్ రోవర్ ఫ్రీల్యాండర్‌తో వచ్చింది. ఏ చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో చూసుకుని ఒక్కోదానికి విడివిడిగా బ్రేకు వేస్తూ వదులుతూ పోతుంది, మన కాలు ఒక్కటి ఆ పని చేయలేదు. కానీ అది వాడేదీ బ్రేకులనే. లో రేంజి ఉండగా దాన్ని తోడుగా పెట్టుకోవాలి గాని, దాన్ని నమ్మి హై గేరులో దిగకూడదు.

దిగుడు అంటే ఈ ప్రాంతం వాళ్ళకు కొండగట్టు గుర్తుకు రాకుండా ఉండదు. 2018 సెప్టెంబర్ 11న అంజన్న గుట్ట ఘాటు రోడ్డు దిగుతూ ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. చుట్టుపక్కల పల్లెల కూలినాలి జనం, ఆడవాళ్ళు, పిల్లలు. బస్సులో వందకు పైగా ఉన్నారు. ఆ రోజు ఆ బస్సులో ఏం జరిగిందో తేల్చడం నా పని కాదు. కానీ ఆ తర్వాత ఏ గుట్ట దిగుతున్నా, నిండు బస్సు బరువును పై మలుపు దగ్గరే గేరు మార్చి పట్టుకోవాలనే మాట నా మనసులో మెదులుతుంది.

దిగుడులో న్యూట్రల్ చేస్తే డీజిల్ మిగులుతుందని ఇప్పటికీ నమ్మేవాళ్ళున్నారు. అది పూర్తిగా తప్పు. న్యూట్రల్‌లో ఇంజను ఆగిపోకుండా ఉండాలంటే డీజిల్ తాగాల్సిందే. గేరులో ఉండి కాలు తీస్తే చక్రాలే ఇంజనును తిప్పుతాయి, పంపు డీజిల్ ఆపేస్తుంది. ఇంజనే ఆర్పి దిగేవాళ్ళను కూడా చూశాను. ఇంజను ఆగితే బ్రేకుకు అందే వాక్యూమ్ సాయం రెండు మూడు తొక్కుళ్ళతో అయిపోతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది.

మన జిల్లాలో వాలు దిగే బండి ఎక్కువగా థారు కాదు, ట్రాక్టరు. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు ఎన్ని చెరువుల ఒండ్రు ఎన్ని పొలాలకు పోయిందో మనం చూశాం. తర్వాత 50 టీఎంసీల మల్లన్నసాగర్ కట్ట పోసిన రోజుల్లో తొగుట, కొండపాక వైపు టిప్పర్ల వరుస తెగేది కాదు. ట్రాక్టరు వెనక ఉండే ట్రాలీకి చాలావాటికి బ్రేకే ఉండదు. మా తాతల కాలం ఎడ్లబండి దిగుడులో బరువంతా ఎద్దుల మెడ మీద పడేది, అందుకే వెనక ఒక మనిషి బండిని పట్టి ఆపుతూ దిగేవాడు. ట్రాలీని పట్టే మనిషి లేడు. నిండు మట్టితో అది ట్రాక్టరును వెనకనుంచి తోస్తుంది, ట్రాక్టరు కాస్త వంకరగా ఉందంటే మడిచేస్తుంది.

మా మేనల్లుడు ఆ బాట దిగడానికి రెండు నిమిషాలు పట్టింది. బ్రేకు రెండుసార్లే ముట్టుకున్నాడు. కింద ఆగాక బండి దిగి, తాను వచ్చిన దారిని చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు. మేము తిరిగి ఎక్కుతుంటే పైనుంచి ఒక ఖాళీ ట్రాక్టరు దిగబోయి, మమ్మల్ని చూసి ఆగింది. ఇరుకు వాలులో ఎక్కే బండికే ముందు దారి, రోడ్డు నియమాల్లోనూ ఆ మాటే ఉంది. ఆ పిల్లవాడు నియమం చదివి ఆగాడో, పెద్దలు చెప్పి ఆగాడో గాని, చేయి ఎత్తి మెచ్చుకున్నాను. దగ్గరికి వెళ్ళి చూస్తే అతని ట్రాక్టరు రెండు బ్రేకు పెడళ్ళను కలిపే కొక్కెం ఊడి వేలాడుతోంది. దున్నేటప్పుడు మలుపు కోసం తీసి, మళ్ళీ పెట్టలేదు. అలా ఒక్క పెడలే తొక్కితే ఒక పక్క చక్రమే ఆగి ట్రాక్టరు పడిపోవచ్చు. కొక్కెం పెట్టించి పంపాను.

ట్రాక్టరు ఉన్న రైతు అన్నలకు, తమ్ముళ్ళకు నా మనవి ఇదొక్కటే. పొలంలోంచి బయటికి రాగానే ఆ కొక్కెం పెట్టండి, కట్ట మీద ఒక్కసారి ఆగి చిన్న గేరు వేసుకోండి, దిగేటప్పుడు మడ్‌గార్డు మీద పిల్లల్ని కూర్చోబెట్టకండి.