పర్ర మీద పూర్వరాగం

పులికాట్ పేరెత్తితే అందరూ చలికాలం సంగతే చెబుతారు. సంక్రాంతి రోజుల్లో సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సు మధ్యగా వెళ్లే రోడ్డు మీద వరసగా కార్లు ఆగుతాయి. జనం ఫ్లెమింగోల గుంపులను ఫోన్లలో నింపుకుని వెళ్లిపోతారు. ఏప్రిల్ వచ్చేసరికి ఆ సందడి ఉండదు. నీళ్లు వెనక్కి తగ్గి, ఉత్తరం వైపు మైళ్ల కొద్దీ పర్ర, అంటే చవిటి బురదనేల, బయటపడుతుంది. దాని మీద ఉప్పు తెల్లగా పేరుకుంటుంది. పులికాట్‌ను చూడాల్సింది అప్పుడే.

సెప్టెంబరు నుంచి బూడిద రంగులో, ఒకదానికొకటి తేడా తెలియకుండా తిరిగిన చిన్నచిన్న బురద పిట్టలకు రంగు తేలేది ఆ రోజుల్లోనే. కర్లూ శాండ్‌పైపర్‌నే చూడండి. దాని ముక్కు కొస కిందికి వంగి ఉంటుంది, చలికాలమంతా దాన్ని పోల్చుకోవడానికి మనకు ఆ వంపే ముఖ్యమైన గుర్తు. ఏప్రిల్లో దాని మెడ కింద ముందు రెండు మూడు ఇటుక రంగు ఈకలు వస్తాయి. ఆ ఎరుపు రొమ్ము మీదికి మరకలు మరకలుగా దిగి, క్రమంగా పొట్టంతా కమ్ముకుంటుంది. గుంపులో ఏ రెండు పిట్టలూ ఒకే దశలో ఉండవు. ఒకదానికి ఎరుపు గొంతు దగ్గరే ఆగి ఉంటుంది, ఇంకోదానికి సగం ఒళ్లు తడిసి ఉంటుంది. మరొకటి ముక్కు మొదట్లో కాస్త తెలుపు తప్ప నిలువెల్లా ఎర్రబడి ఉంటుంది. పక్కనే శాండ్ ప్లవర్ రొమ్ముకు నారింజ రంగు పట్టీ. కాస్త దూరంగా నిలబడ్డ గోల్డెన్ ప్లవర్ పొట్ట నల్లబడుతోంది, వీపు మీద బంగారు చుక్కలు పొడుస్తున్నాయి.

పూర్తయిన ఎరుపు కన్నా ఈ సగం ఎరుపే నాకు ఎక్కువ అందం. ఆ రంగు ఇక్కడ అక్కరకు వచ్చేది కాదు. సైబీరియా ఉత్తరపు కొసన, మంచు కరిగిన టండ్రా మీద జంట కట్టడానికి పిట్ట దాన్ని సిద్ధం చేసుకుంటోంది. ఎక్కడో జరగబోయే కలయికకు దాని ఒంట్లో సన్నాహం ఇక్కడి ఎండలో మొదలవుతుంది. నాయికా నాయకులు కలవకముందే పుట్టే రాగాన్ని ఆలంకారికులు పూర్వరాగం అన్నారు, ఎడబాటు శృంగారమైన విప్రలంభంలో చేర్చారు. లక్షణ గ్రంథంలో చదువుకున్న ఆ భావం పాతిక గ్రాములో, యాభై గ్రాములో తూగే పిట్ట ఒంటి మీద ఈక ఈకగా తేలడం చూస్తుంటే మనసు ఒక చోట నిలవదు.

ఇక నడక. ప్లవర్ కంటితో వేటాడుతుంది. నాలుగడుగులు పరుగెత్తి, ఠక్కున ఆగి, తల వంచి ఒక్క పోటు పొడుస్తుంది. శాండ్‌పైపర్‌కు ముక్కు కొసలోనే స్పర్శ ఉంది. కనపడని పురుగును బురదలోనే తడిమి పట్టుకుంటుంది. అందుకే దాని ముక్కు కుట్టుమిషను సూదిలా ఆగకుండా పైకీ కిందికీ ఆడుతూనే ఉంటుంది. ఒకదానిది విరామాల లయ, ఇంకోదానిది ఎడతెగని ద్రుతం. రెండూ ఒకే బురద మీద కలిసి సాగుతుంటే గంటలు తెలియవు. వేల మైళ్ల ప్రయాణానికి కొవ్వు కూడబెట్టుకోవాలి కనక వేసవిలో ఆ లయకు వేగం ఇంకా పెరుగుతుంది.

ఫ్లెమింగోలను తక్కువ చేయడం లేదు. నీళ్లు పూర్తిగా ఇంకేదాకా కొన్ని ఉంటాయి. మధ్యాహ్నం ఎండమావి లేచాక వాటి కాళ్లు మాయమై, గులాబీ ఒళ్లు మాత్రం నేలకు జానెడు పైన తేలుతున్నట్టు కనిపిస్తాయి. చలికాలపు ఫొటోల్లో ఎంత వెతికినా ఆ దృశ్యం దొరకదు.

ఎండ ఇంకా ముదిరాక నా కళ్లు మాత్రం తీతువు మీదే ఉంటాయి. అది కూస్తే అపశకునం అంటారు మనవాళ్లు. ఆ పిట్టకు జరిగిన అన్యాయం అది. కప్పు లేని నేల మీద, గులకరాళ్ల మధ్య గుడ్లు పెట్టి, సూర్యుడికీ వాటికీ మధ్య తానే నీడగా నిలబడుతుంది. వేడి మరీ పెరిగితే నీళ్ల దగ్గరకు పోయి, పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి, ఆ తడితో గుడ్లను చల్లబరుస్తుంది. పొడవాటి ఎర్రని కాళ్ల స్టిల్ట్ కూడా అంతే. ఒంటితో పోలిస్తే అంత పొడుగు కాళ్లు ఫ్లెమింగోలకు తప్ప ఇంకే పిట్టకూ లేవు. గుడ్ల మీద కూర్చోవడానికి వాటిని వెనక్కి మడిచి, మోకాళ్లలా కనిపించే మడమల మీద మెల్లగా ఒళ్లు దించే ఆ ఒక్క కదలికలో ఎంత పొందిక! వలస పిట్టల రంగులో ఆరాటం ఉంటే, ఈ రెండింటి ఓపికలో కరుణ ఉంది. శృంగారమూ కరుణమూ పక్కపక్కనే నిలిచే ఇలాంటి రంగస్థలం మన తీరంలో ఇంకోటి నాకు తెలియదు.

మే వచ్చేసరికి ఎర్రబడ్డవి చాలావరకు వెళ్లిపోతాయి. నిరుడు పుట్టినవాటిలో కొన్ని మాత్రం ఆ ఏడు ప్రయాణం కట్టవు. రంగు మారకుండా అదే బూడిద ఒంటితో, మిగిలిన తడి చుట్టూ తిరుగుతూ ఉంటాయి. వాటి కోసమైనా జూన్‌లో ఇంకోసారి వెళ్లాలి.