కప్పుడూ తీసుడూ

ఈ వారం తెల్లవారుజామున తలుపు తీస్తే వెలుతురు కన్నా ముందు చలి లోపలికి వస్తోంది. మా మహమ్మద్‌నగర్ చుట్టుపక్కల ఇది యాసంగి నారుమళ్ల కాలం. నిజాంసాగర్ కాలువ కింద ఏ పొలం గట్టు మీద నిలబడ్డా మళ్ల మీద వంచిన వెదురు బద్దలు, వాటి మీద యూరియా బస్తాలు విప్పి కుట్టిన పట్టాలు కనిపిస్తాయి. పొద్దుగూకేటప్పుడు కప్పుతారు, పొద్దున తీస్తారు. మా పెరట్లో మూడు నెలల బొప్పాయి మీద, కిందటేడు నాటిన మామిడంటు మీద కూడా అదే పట్టా, అదే వేళకు వేస్తాను. పండ్ల మొక్కల్ని చలి నుంచి కాపాడుకునే విద్య నాకు ఏ పుస్తకం నుంచో రాలేదు. నారుమడి దగ్గర, మా అమ్మ చేతుల్లోంచి వచ్చింది.

ముప్పై ఏళ్ల కిందటి మాట. ఆ యేడు అమ్మ బస్తాల పట్టా బదులు ప్లాస్టిక్ కవరు కప్పింది. పొద్దున తీసే పని నాకు అప్పజెప్పి చుట్టాలింటికి పోయింది. నేను ఇంటి పనిలో పడి మరిచిపోయాను. ఎండెక్కాక, పదకొండింటికి గుర్తొచ్చి పరుగెత్తాను. కవరు లోపలి వైపంతా ఆవిరి బొట్లు కట్టి ఉంది. ఎత్తితే మొహానికి వేడి కొట్టింది. కింద నారు ఉడికిన ఆకుకూరలా మెత్తబడి పడి ఉంది. రాత్రంతా చలి ముట్టుకోలేని నారు పొద్దుటి ఎండకు పోయింది.

సాయంత్రం అమ్మ వచ్చి మడి గట్టు మీద కూర్చుంది. తిట్టలేదు. "కప్పుడు ఎవ్వలకైనా యాదుంటది బిడ్డా, సలి పెడుతది గనక. తీసుడే యాదుండాలె" అన్నది. నలభై రకాల పండ్ల మొక్కలు పెంచి, సగం పోగొట్టుకుని, సగం నిలబెట్టుకున్నాక కూడా ఈ విద్యలో అంతకన్నా పెద్ద మాట నాకు దొరకలేదు.

మనది వేడి దేశం, మన చెట్లకు చలి ఏంచేస్తుంది అనుకుంటాం. హైదరాబాదులోనే 1946 జనవరి 8న 6.1 డిగ్రీలకు పడిపోయింది. మా కామారెడ్డి వైపు కూడా కొన్ని రాత్రులు పది డిగ్రీల లోపుకు దిగుతుంది. నీళ్లు గడ్డకట్టవు, నిజమే. కానీ మన చెట్లకు దెబ్బ తగలడానికి అంతదాకా పోనక్కర్లేదు. అరటిపండును ఫ్రిజ్‌లో పెట్టి చూడండి, రెండు రోజుల్లో తొక్క నల్లబడుతుంది. మొక్క కణాల చుట్టూ పలుచని కొవ్వు పొరలుంటాయి. చలికాలం గిన్నెలో నెయ్యి పేరుకున్నట్టు ఆ పొరలు బిగుసుకుపోయి చిట్లుతాయి. చిట్లిన చోట లోపలి రసాలు ఒకదాంతో ఒకటి కలిసి నలుపెక్కుతాయి. చలి దేశాల చెట్ల పొరలు ఆ చలిలోనూ మెత్తగానే ఉంటాయి. అరటికీ బొప్పాయికీ ఆ ఏర్పాటు లేదు.

పెరట్లో ఒక్కో చెట్టుది ఒక్కో తీరు. అరటి పదహారు డిగ్రీల దిగువన నెమ్మదిస్తుంది. గెల వేసే వేళకు చలి పట్టుకుంటే అది కాండం గొంతులోనే ఇరుక్కుని, వంకరగా, సగమే బయటికి వస్తుంది. నాటిన ఏడెనిమిది నెలలకు గెల వేసే రకమైతే వేసవిలో నాటితే గెల నేరుగా పుష్యమాసంలోకి వచ్చి పడుతుంది. అందుకే నేను వానలు పడ్డాకే పిలక పెడతాను. అరటికి ఒక ధైర్యం ఉంది. పైనంతా మాడినా నేలలో దుంప బతికి ఉంటే మళ్లీ లేస్తుంది. బొప్పాయికి ఆ అదృష్టం లేదు. చలిలో దానికి నీళ్లు ఎక్కువ పెడితే వేరు కుళ్లి నిలువునా వాలిపోతుంది. అదే జామకు చలి మేలు చేస్తుంది. వానాకాలపు కాయ చప్పగా ఉంటుంది, చలికాలపు కాయ తియ్యగా, గట్టిగా ఉంటుంది. చలికి పేరుపడ్డ కోహిర్‌కే జామలకూ పేరుండటం అందుకే నాకు వింతగా అనిపించదు.

ఇక కప్పడం ఎలాగో చెప్పాలి. మబ్బు పట్టిన రాత్రి చలి తక్కువగా, చుక్కలు మెరిసే రాత్రి ఎక్కువగా ఉండటం మనందరికీ తెలిసిందే. పగలు నేల తాగిన వేడి రాత్రి ఆకాశంలోకి పోతుంది. మబ్బు ఉంటే దుప్పటిలా కొంత వెనక్కి ఇస్తుంది. లేకపోతే అంతా పోతుంది. మనం కప్పే పట్టా ఆ లేని మబ్బు చేసే పనే చేస్తుంది. వేడి మొక్కలోంచి రాదు, నేలలోంచి వస్తుంది. కాబట్టి పట్టాను తలకు రుమాలు చుట్టినట్టు కొమ్మలకు చుట్టి మొదట్లో కట్టేస్తే లాభం లేదు. కోడిపిల్లల మీద గంప బోర్లించినట్టు నేలదాకా దించాలి, అంచుల మీద రాళ్లు పెట్టాలి. నాలుగు కర్రలు పాతి వాటి మీద కప్పితే ఆకులకు తగలదు. ప్లాస్టిక్ ఆనుకున్న ఆకే ముందు మాడుతుంది.

మధ్యాహ్నం చెట్టు మొదట్లో మట్టి తడిపితే ఇంకా మంచిది. తడి నేల పొడి నేల కన్నా ఎక్కువ వేడి దాచుకుని రాత్రి మెల్లగా వదులుతుంది. పెద్ద నీళ్ల పక్కన చలి తగ్గడానికీ కారణం అదే, నీరు తొందరగా చల్లారదు. ఫ్లోరిడాలో ఓకీచోబీ సరస్సు దక్షిణపు ఒడ్డున చలికి తట్టుకోని పంటలు వేసుకునేది ఆ వెచ్చదనం చూసుకునే. మంజీరకు కట్టి 1931లో పూర్తిచేసిన నిజాంసాగర్‌ను మనం పొలాలకు నీళ్లిచ్చే చెరువుగానే చూస్తాం. పెరడు పెంచేవాళ్లు దాన్ని వేడి దాచిన కుండగా కూడా చూడాలి. మీ ఇంట్లో నీళ్ల తొట్టి ఉంటే చలికాలం కుండీలన్నీ దాని చుట్టూ, దక్షిణపు గోడ వారగా చేర్చండి. మా నారుమళ్లలో రాత్రికి నీళ్లు తీసేసి, పొద్దున కొత్త నీళ్లు పెట్టడం కూడా ఈ లెక్కలోదే. పెద్ద నీళ్లలా కాక, మడిలోని పలుచని నీళ్లు రాత్రికి చల్లారిపోతాయి, వాటిలో వేర్లు నానకూడదు.

ఇప్పుడు మా అక్క కొడుకు సంగతి. వాడు డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాడు. అక్కడి తెలుగు ఇళ్లలో కరివేపాకు కుండీ లేని ఇల్లు తక్కువ. అది నిమ్మ కుటుంబంలోదే. నిమ్మతోటల పురుగులూ తెగుళ్లూ వెంట వస్తాయని మన దగ్గర నుంచి ఆ మొక్కను, ఆకును తీసుకుపోనివ్వరు. వాడు అక్కడి నర్సరీలోనే కరివేపాకుతో పాటు ఒక మామిడంటు కూడా కొన్నాడు, పేరు హేడెన్. ఎండాకాలం బయట, చలికాలం కారు షెడ్డులో పెట్టేవాడు.

2021 ఫిబ్రవరి 16న డల్లాస్‌లో సున్నాకు దిగువన 19 డిగ్రీల చలి పడింది. టెక్సాస్‌లో లక్షల ఇళ్లకు కరెంటు పోయింది. అది మన దగ్గరిలా గాలి లేని, చుక్కల రాత్రి చలి కాదు. ఉత్తరం నుంచి ఈడ్చుకొచ్చిన గాలి. అలాంటి గాలిలో నేల వేడి నిలవదు, పట్టా ఒక్కటే కాపాడదు. లోపల పెట్టుకోవాలి, లేదా వేడి చూపించాలి. దక్షిణ టెక్సాస్ నిమ్మ, బత్తాయి తోటలు ఆ వారం ఘోరంగా దెబ్బతిన్నాయి. మావాడు షెడ్డులో మామిడి కుండీ చుట్టూ రెండు రజాయిలు చుట్టాడు. పైన కొమ్మలకు చాల్లేదు.

వారం తర్వాత వీడియోలో చూపించాడు. ఆకులన్నీ నల్లబడి వేలాడుతున్నాయి. "చిన్నమ్మా, చెట్టు పోయింది. నరికేస్తున్నా" అన్నాడు. "ఆగు కొడుకా, గోరుతో గీకు" అన్నాను. పైకొమ్మ గీకాడు, గోధుమ రంగు. నడిమి కొమ్మ, గోధుమ రంగే. అంటు కట్టిన బుడిపె మీద బొటనవేలంత ఎత్తులో గీకితే సన్నని పచ్చగీత కనిపించింది. పచ్చి పెసరగింజ లోపలి రంగు. ఇద్దరం కాసేపు మాట్లాడలేదు.

"శివరాత్రి పోనీ, ఎండలు ముదరనీ, అప్పటిదాకా కత్తెర ముట్టకు" అని చెప్పాను. చలి దెబ్బ తగిలిన చెట్టును వెంటనే నరికితే రెండు నష్టాలు. ఏది బతికిందో ఏది చచ్చిందో అప్పుడే తెలియదు. తొందరపడి వచ్చిన లేత చిగురు మరో చలికి బలైపోతుంది. అంటు కింద నుంచి వచ్చే చిగురు మనం కోరిన మామిడి కాదు, వేరుమొక్కది. అంటు పైన ఆ బొటనవేలంత ముక్క మిగలడమే ఆ చెట్టుకు మిగిలిన ప్రాణం. ఏప్రిల్‌లో అక్కడి నుంచే రాగి రంగు చిగురు వేసింది.

ఆ చెట్టు వంశానికే ఇలా ఒక ముక్క మీద బతికిన కథ ఉంది. 1889లో అమెరికా ప్రభుత్వం మన దేశం నుంచి ముల్గోబా మామిడంట్లు తెప్పించి ఫ్లోరిడాకు పంపింది. లేక్ వర్త్ ఒడ్డున ఎల్‌బ్రిడ్జ్ గేల్ అనే విశ్రాంత ఆచార్యుడి దగ్గర పెరిగిన వాటిలో 1895 నాటి చలి తర్వాత మిగిలింది ఒక్కటే. ఆ చెట్టు 1898లో కాసింది. దాని కాయల టెంకలు హేడెన్ అనే కెప్టెన్ 1902లో నాటాడు. అందులోంచి హేడెన్ రకం పుట్టింది. ఈనాడు ప్రపంచమంతా దుకాణాల్లో కనిపించే టామీ ఆట్కిన్స్ దాని సంతతే. ఆ రోజు ఎండు కొమ్మలు చూసి ఎవరో గొడ్డలి తెచ్చి ఉంటే ఆ వంశమే లేదు.

అసలు పాఠం మాత్రం మాకు ఆ తర్వాతి చలికాలాల్లో అందింది. 2021 దెబ్బతో భయపడ్డ మావాడు చెట్టును చలికాలమంతా హాల్లో, హీటర్ వేడిలో పెట్టాడు. ఏపుగా ఎదిగింది, ముదురాకులు పట్టింది, పూత మాత్రం రాలేదు. రెండు చలికాలాలు అంతే. "చిన్నమ్మా, ఏం లోటు చేశాను?" అని అడిగాడు. లోటు చేయలేదు. చలి తగలనివ్వలేదు.

మామిడికి పూత రావాలంటే కొన్ని వారాలు రాత్రి చలి 10, 15 డిగ్రీల మధ్యకు దిగాలి. ఆ చలికే ముదిరిన కొమ్మ ఆగి, ఆకు మొగ్గ కాస్తా పూమొగ్గగా మారుతుంది. మన బేనిషానైనా హిమాయతైనా పుష్య మాఘాల్లో పూయడం ఆ చలి దయే. చలి లేని ఏడు పూత ఆలస్యమై, ముక్కలు ముక్కలుగా వస్తుంది. అదే చలి నాలుగైదు డిగ్రీల కిందికి దిగి కొన్ని గంటలు నిలిస్తే ఆ పూతే మాడిపోతుంది. ఇంకా దిగి గడ్డకట్టే దశ దాటితే లేత చెట్టే పోతుంది. పూయించేదీ మాడ్చేదీ ఒకటే చలి. ఎంత దాకా రానివ్వాలో తెలియడమే పెంపకం.

ఆ తర్వాతి నవంబరులో చెట్టును హాల్లోంచి షెడ్డు కిటికీ పక్కకు మార్చమన్నాను. అక్కడ రాత్రి పది పన్నెండు డిగ్రీలు ఉంటుంది. గడ్డకట్టే రాత్రి మాత్రం లోపలికి, తెల్లారగానే మళ్లీ కిటికీ దగ్గరికి. ఫిబ్రవరిలో పూత కట్టింది. షెడ్డులో తేనెటీగలు రావు కదా, వాడి కూతురు చిన్న కుంచెతో పూలన్నీ తాకించింది. మూడు కాయలు నిలిచాయి. ఎండాకాలం వాడు ఫోన్లో కోసి చూపిస్తే, ముక్క నోట్లో పెట్టుకున్న పిల్ల మొహం చూశాను. అది చాలు.

అప్పుడు అమ్మ మాట సగమే అర్థమైందని, మిగిలిన సగం ఇప్పుడు అందిందని తెలిసింది. పట్టా తీయడం ఎండకు ఉడకకుండా ఉండటానికి ఒక్కదానికే కాదు. తట్టుకునేంత చలిని మొక్కకు తాకనివ్వడానికి కూడా. కప్పి వదిలేస్తే నారు ఉడుకుతుంది, మామిడి పూయడం మానేస్తుంది. ప్రమాదం ఉన్న ఆ నాలుగు రాత్రులు మేలుకుని ఉండాలి. మిగతా రాత్రులు చెట్టును దాని చలికి వదలాలి.

మాకూ వాళ్లకూ చలికాలంలో పదకొండున్నర గంటల తేడా. ఇక్కడ పొద్దున ఏడింటికి నేను పెరట్లో పట్టా తీస్తుంటే అక్కడ ముందురోజు రాత్రి ఏడున్నర, వాడు కప్పుతుంటాడు. ఈ వారం రోజూ అదే వేళకు ఫోన్ చేస్తున్నాడు. "కప్పినవా కొడుకా?" అని నేనడుగుతాను. "కప్పిన చిన్నమ్మా, నువ్వు తీసినవా?" అని వాడడుగుతాడు. పట్టా లోపలి తడి నా చేతులకు తగులుతూ ఉంటుంది. తీసిన అని చెప్తాను.